కెమెరా వెనక చోటు

మా ఇంట్లో ఫోటోలకి కొదవ లేదు. ఇనప బీరువా అడుగు అర నిండా ఆల్బములే. మా మరుదుల పెళ్ళిళ్ళు, మా అమ్మాయి అన్నప్రాసన, వినాయక చవితికి తెలుగువాళ్ళమంతా చేరి వేసిన పందిరి, నిమజ్జనానికి లారీ ఎక్కిన విగ్రహం, అన్నీ ఉన్నాయి. నేను మాత్రం లేను. ఒకటి రెండు చోట్ల తప్పనిసరై ఉన్నా ఎడమ చెంప ఒక్కటే కనిపిస్తుంది. ఆ ఆల్బములు తిరగేసినవాళ్ళు ఈ ఇంటి ఇల్లాలు ఎప్పుడూ ఊళ్ళు పట్టుకు తిరుగుతుందేమో అనుకోవాలి.

నాకు బొల్లి ఉంది. ఈ మాట ఇలా రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. మా ఇంట్లో దానికి పేరు ఉండేది కాదు. మా అమ్మ "అది" అనేది. అది కొంచెం పెరిగినట్టుంది, అది కనపడకుండా కొంగు సరిచేసుకో, అలాగన్నమాట. బడికి వెళ్ళే రోజుల్లో కుడి కంటి కొసన ఆవగింజంత మచ్చగా మొదలై, పెళ్ళీడు వచ్చేసరికి చెంప సగం దాకా దిగింది. ఆ కంటి రెప్పవెంట్రుకలు కూడా తెల్లబడ్డాయి. నొప్పి లేదు, దురద లేదు, ఇంకొకరికి అంటుకునేది కాదు. అయినా నా పక్కన కూర్చున్న పిల్లలు చేతులు కడుక్కునేవాళ్ళు.

మా నాన్న శ్రీకాకుళం జిల్లా నుంచి ఉద్యోగానికని వచ్చి రాయపూర్‌లో ఉండిపోయాడు. ఇక్కడ రైలు పట్టాల పక్క గోడల మీద ఇంతింత అక్షరాలతో సఫేద్ దాగ్, అంటే తెల్లమచ్చలు, నయం చేస్తామని వైద్యుల ప్రకటనలు రాసి ఉంటాయి. రిక్షాలో వాటి ముందు నుంచి వెళ్తుంటే గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి చెంప మీదికి పోయేది. రిక్షావాడు గోడ వైపైనా చూసేవాడు కాదు. అయినా వాడు కూడా నన్నే చూస్తున్నాడని నాకు అనిపించేది.

వెలుతురు గురించి నాకు మొదటి పాఠం చెప్పింది మా అమ్మే. పెళ్ళిచూపులకి మగపెళ్ళివారు వస్తున్నారంటే పొద్దుటి నుంచే గదిలో కుర్చీ ఎక్కడ వెయ్యాలా అని అటూ ఇటూ జరిపింది. కిటికీ నా ఎడమ పక్కకి రావాలి, కుడి పక్క నీడ పడాలి, మరీ చీకటైతే అనుమానం వస్తుంది కాబట్టి అటు గోడకి తెల్ల దుప్పటి ఆరేసినట్టు వెయ్యాలి. పెద్ద స్టూడియోవాడికి కూడా అంత ఓపిక ఉండదు. నన్ను కూర్చోబెట్టి దూరం నుంచి చూసి, "ఎడంపక్కకి తిరుగే పిల్లా, ఇంకాస్త, ఆఁ, అలాగుండు, ఊపిరి గట్టిగా తియ్యకు," అంది. నేను అలాగే ఉన్నాను. వచ్చిన పెళ్ళికొడుకు కాఫీ తాగి, గ్లాసు పెట్టే నెపంతో లేచి, నా కుడి పక్కకి వచ్చి నిలబడ్డాడు. ఆయనకి ముందే ఎవరో చెప్పారట. చూసి, వెనక్కి వెళ్ళి కూర్చుని, పెళ్ళికి ఒప్పుకున్నాడు. ఆయన మంచితనం నాకు ఆ వేళ ఏమీ కనపడలేదు. మా అమ్మ కష్టపడి వేసిన నీడలోకి ఒక మగవాడు నడిచొచ్చి చూసి వెళ్ళాడన్న సిగ్గే కనపడింది. చాలా ఏళ్ళు ఆయన మీద లోపల కోపంగానే ఉండేది. ఎందుకని అడిగితే నేను చెప్పలేకపోయేదాన్ని.

పెళ్ళయ్యాక మా ఆయన ఒక ఫిల్ము కెమెరా కొన్నాడు. ముచ్చటపడి కొన్నాడే గానీ ఆయన తీసిన వాటిలో తలలు తెగిపోయేవి. నేను దాన్ని ఆయన చేతిలోంచి లాక్కున్నాను, ఈ మాట అక్షరాలా నిజం. ఫోటో తీసేవాళ్ళు ఫోటోలో ఉండరు. ఇంత చిన్న సంగతి నాకు అంతకు ముందు ఎందుకు తట్టలేదో! ఆ రోజు నుంచి ఏ శుభకార్యానికి వెళ్ళినా మెడలో కెమెరా వేసుకునే వెళ్ళాను.

మావాళ్ళకి కూడా అది కలిసొచ్చింది. సీమంతమైనా, పెళ్ళికూతుర్ని చేసే వేడుకైనా, ముత్తైదువులు ఒక్కొక్కరే వచ్చి పసుపు రాసి, గంధం పూసి, హారతి ఇవ్వాలి. నా వంతు దగ్గరికొచ్చేసరికి అందరి చూపులూ ఒక్క క్షణం నేల మీదికి పోయేవి. పెళ్ళికూతురి బుగ్గ మీద నా చెయ్యి పడటం వాళ్ళకి ఇష్టం ఉండదు, ఆ మాట మొహం మీద అనడానికి నోరు రాదు. కెమెరా వచ్చాక ఆ ఇబ్బంది తీరిపోయింది. "వదినా, నువ్వు హారతికి వస్తే ఫోటో ఎవరు తీస్తారు?" అనేవాళ్ళు. అవును కదా అని నేను నవ్వేదాన్ని. ఇద్దరి మర్యాదా దక్కేది. ఇంటికొచ్చి కుంకుమ డబ్బీ ముందు కూర్చుని, నాకు నేనే బొట్టు పెట్టుకుని, వెధవ మర్యాద అనుకునేదాన్ని. మళ్ళీ పిలుపు రాగానే ఫిల్ము కొనడానికి పరుగెత్తేదాన్ని.

అలా నేర్చుకున్నాను ఫోటోగ్రఫీ. ఎండ మొహం మీద నేరుగా పడితే కళ్ళు చికిలిస్తారని, కిటికీకి వీపు పెట్టి నిలబెడితే మొహం నల్లగా వస్తుందని, పక్క నుంచి పడే వెలుతురు మనిషికి అందం తెస్తుందని. ఇవన్నీ నేను పుస్తకంలో చదవలేదు. నా చెంపని దాచుకోవడం చిన్నప్పటి నుంచీ వచ్చు కాబట్టి, ఎదుటివాళ్ళ చెంపలు చూపించడం తేలిగ్గా వచ్చేసింది.

మా రాయపూర్ రాజధానిగా కొత్త రాష్ట్రం వస్తుందని పేపర్లన్నీ రాస్తున్న ఏడాది మా ఆయన తను పనిచేసే సిల్తారా ఇనుప ఫ్యాక్టరీ నుంచి ఒక డిజిటల్ కెమెరా తెచ్చాడు. అది ఫ్యాక్టరీది. కొలిమిలో ఇటుకలు పగిలినా, గొట్టం బీటలిచ్చినా ఫోటో తీసి కంప్యూటర్లో పై ఆఫీసుకి పంపాలట. ఇంక ఎవరికీ చేతకాదని ఈయన నెత్తిన పెట్టారు. ఈయన దాన్ని తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. ఆదివారాల్లో నేను నేర్చుకుని ఆయనకి నేర్పాలని ఒప్పందం. నల్లదుమ్ము పట్టిన కాలరుతో, బడికి కొత్తగా చేరిన పిల్లాడిలా నా ఎదురుగా కూర్చున్నాడు.

ఇటుకంత బరువున్న కెమెరా అది. లోపల కంప్యూటర్ ఫ్లాపీ పెట్టాలి. బటన్ నొక్కితే ఫ్లాపీ గరగరమని తిరిగి ఫోటోని రాసుకునేది. కన్ను పెట్టి చూసే బొక్క లేదు, వెనక చిన్న తెరలోనే అంతా కనపడుతుంది. అన్నిటికన్నా విచిత్రం ఏమిటంటే, తీసిన ఫోటో అప్పటికప్పుడే ఆ తెర మీదికి వస్తుంది. నచ్చకపోతే తుడిచెయ్యొచ్చు. తుడిచెయ్యమంటావా అని అదే ఇంగ్లీషులో అడుగుతుంది, అవునని నొక్కితే చాలు, ఆ ఫోటో ఈ లోకంలో పుట్టనట్టే. ఫిల్ము కడిగే దాకా గుండెలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నదాన్ని, నాకు అది దేవుడిచ్చిన వరంలా కనపడింది. ఎవరైనా పొరపాటున నన్ను తీసినా ఆ క్షణమే పోగొట్టొచ్చు.

మా ఆయనకీ అమ్మాయికీ ఒకేసారి పాఠం చెప్పాను. మోచేతులు ఒంటికి ఆనించాలి. బటన్ సగం నొక్కి ఆగితే కెమెరా చూపు నిలబెట్టుకుంటుంది, అప్పుడు పూర్తిగా నొక్కాలి. దగ్గరి వస్తువుకి ఫ్లాష్ వెయ్యకూడదు, తెల్లగా మాడిపోతుంది. బొమ్మ మరీ తెల్లగా వస్తే వెలుగు తగ్గించే గుర్తు దగ్గరికి వెళ్ళి ఒక మెట్టు దించాలి. తీశాక తెర చూసుకోవాలి, బాగాలేనిది ఉంచకూడదు. ఈ చివరి మాట నేను మరీ మరీ చెప్పాను. మా అమ్మాయి అప్పుడే కాలేజీలో చేరింది. వాళ్ళ నాన్న ఇంకా బటన్ వెతుక్కుంటుండగానే అది అన్నీ పట్టేసింది. నన్ను తియ్యాలని సరదాపడి రెండు మూడుసార్లు కెమెరా ఎత్తింది. నేను లాక్కుని తుడిచేశాను. మూడోసారి అది నవ్వి ఊరుకుంది.

తరవాతి ఆదివారం పొద్దున్నే మా ఆయన సంచీ పట్టుకుని కూరలకి వెళ్ళాడు. అమ్మాయి తలంటుకుని వచ్చి, జుట్టు ఆరబెట్టుకుంటూ కిటికీ పక్కన కూర్చుంది. మంచి వెలుతురు, ఎండ కాదు, ఎండకి ముందుండే వెలుతురు. నాకు చేతులు ఊరుకోలేదు. కెమెరా తెచ్చి, జూమ్ దగ్గరికి లాగి, మొహం ఒక్కటే వచ్చేలా తీశాను. ఫ్లాపీ తిరిగింది, తెర మీదికి బొమ్మ వచ్చింది. పెదవి కొస పక్కన చిన్న తెల్లటి చుక్క ఉంది.

వెలుతురు ఎక్కువైందనుకున్నాను. కర్టెన్ సగం లాగి మళ్ళీ తీశాను. ఉంది. వెలుగు ఒక మెట్టు దించి తీశాను. మొహమంతా చామనఛాయ దాటి నల్లబడింది, చుక్క మాత్రం ఉంది. కుర్చీ ఇటు తిప్పమన్నాను, అటు తిప్పమన్నాను. కొంగుతో కెమెరా అద్దం తుడిచాను. తడి ఉందేమోనని దాని పెదవి కొస కూడా తుడిచాను. నాకు తెలిసిన విద్య అంతా ఉపయోగించాను. ఇన్నేళ్ళూ ఫోటో బాగా రావడానికి పనికొచ్చిన విద్య, ఆ వేళ ఒక అబద్ధం కోసం వెతుక్కుంది. దొరకలేదు.

ఏమైందమ్మా అని అమ్మాయి అడిగింది. వెలుతురు సరిగ్గా లేదు, తెల్లగా మెరుస్తోంది అన్నాను. చూపించమంది. అది లేచి వచ్చేలోపల ఒక్కొక్కటీ అవునవునని నొక్కి అన్నీ తుడిచేశాను. బాగా రాలేదులే, పో, జడ వేసుకో అన్నాను.

ఆ వారం రోజులూ నేను బతికిన బతుకు చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది. పిల్లకి వచ్చిందన్న దుఃఖం నిజమే. కానీ దానికన్నా ముందు నాకు తోచింది, వాళ్ళంతా ఏమంటారని. తల్లి నుంచి వచ్చిందంటారు, నిజమే కదా. వేడుకల్లో నేల మీదికి పోయే చూపులు ఇక దాని వంతుకి కూడా పోతాయి. ఏ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలో ఆలోచించవలసింది. నేనేమో పౌడరు డబ్బా తెచ్చాను. పండరీ బజారుకి వెళ్ళి రంగు రంగుల చున్నీలు తెచ్చాను. రాయపూర్ ఎండకి కాలేజీ పిల్లలంతా కళ్ళు మాత్రం వదిలి మొహానికి చున్నీ చుట్టుకునే తిరుగుతారు, ఎవరూ ఎందుకని అడగరు. ఎండలో నల్లబడిపోతావు, బాగా కట్టుకో అని దాని మొహానికి నేనే చుట్టి, చెవి వెనక ముడి వేశాను. నల్లబడటమట! నోటి వెంట ఆ మాట ఎలా వచ్చిందో. మా ఆయన చెప్పులు తొడుక్కుంటూ నా వైపు చూశాడు. ఆయనకి తెలిసిందని నాకు తెలుసు. చుక్క ఆయనకీ కనపడే ఉంటుంది, పెళ్ళిచూపుల నాడు గ్లాసు పట్టుకుని నడిచొచ్చి చూసిన మనిషి. పిల్లకి చెప్పు అని ఒక్క మాట అన్నాడు. మీకేం తెలుసు అని కసిరాను. ఆయన ఫ్యాక్టరీకి వెళ్ళిపోయాడు.

ఆదివారం వచ్చింది. ఆయన ఫ్యాక్టరీలో ఏదో ఆగిపోయిందని పొద్దున్నే పిలిపించారు, కెమెరా ఇంట్లోనే ఉంది. నేను వంటింట్లో పప్పు ఎసట్లో పోస్తుంటే ఫ్లాపీ గరగర వినిపించింది. వచ్చి చూస్తే అమ్మాయి కెమెరాని చేతులు చాచి తన వైపు తిప్పుకుని తీసుకుంటోంది. ఒకటి తీసి తెర చూసింది. కర్టెన్ లాగి ఇంకొకటి తీసింది. నేను చేసినవన్నీ నేను చేసిన వరసలోనే చేసింది. తరవాత తల ఎత్తింది.

"అమ్మా, ఏటిది? ఫోటోలో ఉందా, నా మొహమ్మీద ఉందా?"

మళ్ళీ వెలుతురనే అందామనుకున్నాను. మాట పెదవి దాకా వచ్చింది కూడా.

"మొహమ్మీదే," అన్నాను.

"నీకు తెల్సా?"

"పోయిన వారం నుంచీ."

అది ఏడవలేదు. ఏడిస్తే నేను దగ్గరికి తీసుకుని ఏదో ఒకటి చేసేదాన్ని. తెర వైపు చూస్తూ నెమ్మదిగా చెప్పింది. కాలేజీలో చేతులు కడుక్కునే చోట అద్దంలో దానికి ఈ వారంలోనే అనుమానం వచ్చిందట. "నువ్వు వెలుతురన్నావు కదేటి. అందుకని అద్దాన్ని నమ్మలేదు," అంది.

ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అంటారు. మచ్చ నా నుంచి వచ్చిందో లేదో డాక్టర్లు చెప్పాలి. కానీ మచ్చ కనపడగానే కర్టెన్ లాగడం మాత్రం నా నుంచే వచ్చింది, దానికి ఏ డాక్టరూ అక్కర్లేదు. మంచం మీద కూర్చున్నాను. దాన్ని బొల్లి అంటారని చెప్పాను. ఆ మాట మా ఇంట్లో నేను బయటికి అనడం అదే మొదలు. అంటుకోదని చెప్పాను, పెరగొచ్చు, పెరగకపోవచ్చు, మందులు ఇప్పుడు నా రోజులకన్నా మెరుగు, సోమవారం పెద్దాసుపత్రికి వెళ్దామని చెప్పాను. అది తల ఊపుతూ వింది. అన్నీ విని, "మరి ఫోటోలెందుకు తుడిచేశావు?" అని అడిగింది.

లేచి పెరట్లోకి వెళ్ళాను. పొద్దున్న పూసుకున్న పౌడరంతా పోయేదాకా సబ్బుతో మొహం కడుక్కున్నాను. కొంగుతో తుడుచుకుంటూ వచ్చి కుర్చీని కిటికీ దగ్గరికి జరిపాను. కుడి చెంప మీద వెలుతురు పడేలా కూర్చున్నాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మా ఆయన ముందు కూడా నేను అలా కూర్చోలేదు. చెంప మంట పెడుతున్నట్టనిపించింది, అది ఎండ కాదు.

నన్ను తియ్యి అన్నాను. దగ్గరికి వచ్చి, మొహం ఒక్కటే వచ్చేలా తియ్యమన్నాను.

అది నా మొహంలోకి చూసింది. నిజమా అని అడగలేదు. కెమెరా ఎత్తింది, నేను నేర్పినట్టే సగం నొక్కి ఆగింది, పూర్తిగా నొక్కింది. ఫ్లాపీ తిరుగుతున్నంతసేపూ నేను కళ్ళు దించలేదు. తెర మీదికి బొమ్మ వచ్చినట్టుంది, దాని మొహం మీద వెలుగు పడింది. కాసేపు చూసింది. తరవాత దాని బొటనవేలు కదిలింది.

ఏదీ చూపించు అన్నాను.

"తీసేశానమ్మా," అంది.

ఎందుకే అన్నాను.

"నీకిష్టం ఉండదు కదా." అలసి వచ్చినవాళ్ళకి మంచినీళ్ళు అందించినంత మామూలుగా అంది. నాకు ఉపకారం చేశాననే అనుకుంది.

నా చెంప గురించి నేను పడ్డ మాటలు తక్కువేమీ కాదు. చేతులు కడుక్కున్న పిల్లల్నీ, హారతి పళ్ళెం నా ముందు నుంచి పక్కకి జరిపినవాళ్ళనీ ఇప్పటికీ మర్చిపోలేదు, వాళ్ళ మీద కోపమూ పోలేదు. వాళ్ళెవరూ నన్ను ఇంతగా సిగ్గుపడేలా చెయ్యలేదు. ఇది నన్ను ప్రేమించే పిల్ల. నా మొహం ఉంచదగ్గది కాదని దీనికి ఎవరూ చెప్పలేదు, నేనే చెప్పాను, దీని పదిహేడేళ్ళూ, రోజూ. పెదవి పక్కన ఆ చుక్కతో నా ఎదురుగా నిలబడి ఉంది.

"మళ్ళీ తియ్యి," అన్నాను. "ఈసారి అది ఉండాలి."